ర్యాంకు బిడ్డది.. రాష్ట్రం ఎవరిది?

సూరత్ తెలుగిళ్లలో బాగా చదివే పిల్లకు కాలేజీ వెతకడం పదో తరగతి అయిన వారానికే మొదలవుతుంది. ఆ సంగతి తెలిసేది మాత్రం రెండేళ్ల తర్వాత, కౌన్సెలింగ్‌లో!

పదో తరగతి ఫలితాలు వచ్చి వారం తిరక్కముందే సూరత్‌లోని తెలుగింటికి రెండు ఫోన్లు వస్తాయి. ఒకటి ఊళ్లోని కోచింగ్ సెంటరు నుంచి, హిందీలో. మీ పాపకు మా టాలెంట్ టెస్టులో డెబ్భై శాతం స్కాలర్‌షిప్పు వచ్చింది, శనివారంలోగా సీటు ఖాయం చేసుకోండి అని. రెండోది హైదరాబాద్ నుంచి, మన తెలుగులో. ‘అన్నా, నమస్తే. పాప మార్కులు చూసిన. ఇంటర్‌కు ఇటు పంపుండ్రి. హాస్టల్‌తోటి కలిపి సగం ఫీజుకు నేను మాట్లాడిపిస్త.’ కార్పొరేట్ కాలేజీ పీఆర్వోకు సూరత్ దూరమేమీ కాదు. వరంగల్ మీదుగా అహ్మదాబాద్ పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి కాకపోయినా, ఒక రోజులో ఇక్కడ దిగొచ్చు.

ఈ రెంటిలో దేనికి సరేనన్నారన్న దాన్నిబట్టి ఆ పిల్ల రేపు ఏ కాలేజీలో, ఎంత ఫీజుకు చదువుతుందన్నది సగం తేలిపోతుంది. జేఈఈ రాయకముందే. ఇంట్లో చర్చ మాత్రం వేరేవాటి మీద నడుస్తుంది. ఫీజు ఎంత? హాస్టల్లో తిండి ఎట్లుంటది? ఆడపిల్ల ఒక్కతే ఉండగలదా? పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసైతే ఆ రాష్ట్రపు విద్యార్థిగా లెక్కలోకి వస్తుందన్న మాట ఎవరూ ఎత్తరు. ఫోన్ చేసిన ఇద్దరికీ ఎత్తాల్సిన అవసరం లేదు.

సాంచెల వెంట వచ్చినవాళ్లు

సూరత్ తెలుగువాళ్లలో ఎక్కువమంది పద్మశాలీలు. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి మరమగ్గాల (సాంచెల) పనికి వచ్చి లింబాయత్, ఉధనా, డిండోలీ, పర్వత్ పాటియా వైపు ఇళ్లు కట్టుకున్నవాళ్లు. షోలాపూర్, భీవండీ పోయిన కుటుంబాలది కూడా ఇదే కథ. తాత సాంచె నడిపాడు. తండ్రి నాలుగు సాంచెలు సొంతంగా పెట్టుకున్నాడు, లేదంటే రింగ్‌రోడ్డు బట్టల మార్కెట్లో గుమాస్తాగా కుదిరాడు. మూడో తరం పిల్లలకు ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో గుజరాతీయో ఇంగ్లిషో. సూరత్ నగరపాలిక ప్రాథమిక బడుల్లో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. తెలుగు మాధ్యమం ఉండాలా వద్దా అని మన రెండు రాష్ట్రాల్లో ఏళ్లుగా కొట్టుకుంటుంటే, గుజరాత్‌లో ఒక నగరపాలిక చప్పుడు లేకుండా నడుపుతోంది.

మంచి మార్కులు వచ్చిన పిల్ల ఇంట్లో చదువు గురించి సలహా చెప్పేవాళ్లు రెండు రకాలు. సిరిసిల్లలోనో వరంగల్‌లోనో ఉన్న మేనమామ ఎంపీసీ, ఎప్‌సెట్, ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటాడు. సూరత్‌లో పక్కింటి గుజరాతీ భాయ్ ఏ గ్రూపు, బీ గ్రూపు, గుజ్‌సెట్, ఏసీపీసీ అంటాడు. ఇద్దరూ తమ రాష్ట్రం లెక్క చెబుతున్నారు. ఇద్దరిదీ నిజమే. పిల్లకు వర్తించేది ఏదన్నదే ప్రశ్న.

పన్నెండు ఎక్కడ చదివావు?

ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి. సొంత రాష్ట్రమంటే పుట్టిన ఊరు కాదు, ఆధార్ మీద ఉన్న చిరునామా కాదు, తాత పేరిట భూమి ఉన్న చోటూ కాదు. పన్నెండో తరగతి మొదటిసారి పాసైన రాష్ట్రం. అంతే.

సూరత్‌లోనే ఒక ఎన్‌ఐటీ ఉంది. సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ పేరిట 1961లో ఇంజినీరింగ్ కళాశాలగా మొదలై, 2002లో ఎన్‌ఐటీ అయింది. ఊళ్లోవాళ్లు ఎస్‌వీఎన్‌ఐటీ అంటారు. లింబాయత్ నుంచి సిటీ బస్సులో పోయి రావచ్చు. అటు వరంగల్ ఎన్‌ఐటీకి 1959లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. దేశంలో తొలి ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల అదే. సూరత్‌లో పన్నెండు చదివిన తెలుగు పిల్లకు ఎస్‌వీఎన్‌ఐటీలో సగం సీట్ల మీద సొంత రాష్ట్రపు హక్కు ఉంటుంది. అదే పిల్ల ఇంటర్ కోసం హైదరాబాద్ పోతే తన ఊరి కాలేజీలోనే పరాయిది అవుతుంది. బదులుగా వరంగల్ దొరుకుతుంది కదా అనొచ్చు. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు కేటాయించే జోసా ఏటా పెట్టే ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకుల పట్టికలో రెండు కాలేజీల కంప్యూటర్ సైన్సు వరుసలు పక్కపక్కన పెట్టి చూడండి. వరంగల్ గేటు ఇరుకు. జేఈఈ కోసం ఊళ్లకు ఊళ్లు తయారయ్యే రాష్ట్రంలో అట్లా ఉండక ఎట్లా ఉంటుంది!

పోనీ, ఎన్‌ఐటీ రాకపోతే తెలంగాణ కాలేజీలు ఉన్నాయిగా? అక్కడ మరో గోడ. 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికత రావాలంటే అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి. రెండేళ్ల ఇంటర్ సరిపోదు. మిగిలిన వాటాకూ దాని షరతులు దానికున్నాయి. వైద్య సీట్లకు తెలంగాణ పెట్టిన ఇలాంటి నిబంధననే సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో సమర్థించింది. అంటే పదకొండో తరగతికి సూరత్ వదిలి వెళ్లిన పిల్ల ఎన్‌ఐటీ లెక్కలో తెలంగాణది, రాష్ట్ర కౌన్సెలింగ్ లెక్కలో తెలంగాణది కాదు. రెంటికీ చెడ్డ రేవడి. మేనమామ చెప్పిన ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా స్థానికతతో ముడిపడ్డదే.

అలాగని హైదరాబాద్ పంపడం తప్పని కాదు. ఐఐటీల్లో సొంత రాష్ట్రం వాటా లేదు. ఐఐటీ ఒక్కటే గురిగా, ఆ ఒత్తిడిని తట్టుకునే పిల్ల అయితే ఎక్కడ చదివినా ఒకటే. కానీ బడిలో మొదటి ర్యాంకు వచ్చే ప్రతి పిల్లా ఐఐటీకి పోదు. చాలామంది చివరికి తేలేది ఎన్‌ఐటీ, రాష్ట్ర కాలేజీ, ప్రైవేటు వర్సిటీల మధ్యే. అక్కడ చిరునామా పనిచేస్తుంది. గుజరాత్‌లో ఇంజినీరింగ్ ప్రవేశాల మెరిట్ లెక్కలో సగం బోర్డు మార్కులు, సగం గుజ్‌సెట్ ప్రవేశ పరీక్ష. పన్నెండో తరగతి బోర్డు పరీక్షను జేఈఈ పేరు చెప్పి తేలిగ్గా తీసుకున్న పిల్లలు ఇక్కడ దెబ్బ తింటారు.

వలస పోయినవాడి బిడ్డకు హక్కులు ఏ ఊరివి అన్న ప్రశ్న కొత్తది కాదు. మన తెనాలి కుర్రాడి మీదే దేశమంతటికీ వర్తించే తీర్పు వచ్చింది. మర్రి చంద్రశేఖరరావు తెనాలిలో పుట్టాడు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తింపు ఉన్న కుటుంబం. తండ్రికి బొంబాయిలో ఎరువుల కర్మాగారంలో ఉద్యోగం రావడంతో తొమ్మిదేళ్లప్పుడు అక్కడికి వెళ్లాడు. అక్కడే పెరిగి, పన్నెండు అక్కడే చదివి, బొంబాయి వైద్య కళాశాలలో ఎస్టీ కోటాలో సీటు అడిగాడు. కుదరదన్నారు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే చెప్పింది: ఆ గుర్తింపు పుట్టిన రాష్ట్రానికి సంబంధించినది, వలస వెళ్లిన రాష్ట్రంలో దాన్ని అడగడానికి వీల్లేదు. సూరత్‌లోని తెలుగు తల్లిదండ్రుల్లో ఈ కేసు పేరు విన్నవాళ్లు తక్కువ. దాని ఫలితం అనుభవించేవాళ్లు ఎక్కువ.

అయితే కేంద్ర సంస్థల్లో దారి మూసుకుపోలేదు. ఐఐటీ, ఎన్‌ఐటీల్లో తండ్రి సొంత రాష్ట్రపు కుల ధ్రువపత్రం ఆధారంగా తీసుకున్న కేంద్ర నమూనా పత్రం చెల్లుతుంది. ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రమైతే ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. తండ్రి పత్రం కోసం ఊరి మండలాఫీసుకు, పిల్ల పత్రం కోసం సూరత్ మామ్లత్‌దార్ కచేరీకి తిరగాలి. జూన్‌లో కౌన్సెలింగ్ పెట్టుకుని మేలో మొదలుపెడితే నవజీవన్‌లో తత్కాల్ టికెట్ల ఖర్చే మిగులుతుంది.

యాభై శాతం అంటే ఎంత?

స్కాలర్‌షిప్పు మాట వినగానే ఇంట్లో మొహాలు వెలుగుతాయి. బిడ్డ తెలివికి ఎవరో కట్టిన విలువ అనిపిస్తుంది. బట్టల మార్కెట్లో పనిచేసే తండ్రికి కొత్తగా చెప్పాల్సిన పని లేదు: ముందు రేటు పెంచి, ఆ మీద డిస్కౌంటు రాసిన చీర ఆయన రోజూ చూసేదే. కాలేజీ కాగితం దగ్గరికి వచ్చేసరికి ఆ చూపు ఎందుకో మసకబారుతుంది.

ఒక లెక్క వేద్దాం. ఏడాదికి 4 లక్షల ఫీజు ఉన్న ప్రైవేటు వర్సిటీ ఒకటి 50 శాతం మెరిట్ స్కాలర్‌షిప్పు ఇస్తానంది అనుకోండి. నాలుగేళ్లూ ఇస్తే కట్టేది 8 లక్షలు. కాగితం వెనక సన్నటి అక్షరాల్లో మొదటి ఏడాదికి మాత్రమే అని ఉంటే, కట్టేది 2, ఆపైన మూడు నాలుగులు పన్నెండు, మొత్తం 14 లక్షలు. చెప్పింది యాభై శాతం, చేతికి వచ్చింది పన్నెండున్నర. ఏటా ఫీజు పెంచే నిబంధన ఉంటే అది ఇంకా కరిగిపోతుంది. రాయితీ ట్యూషన్ ఫీజు మీదే కాబట్టి హాస్టల్, మెస్ లెక్కలో లేవు.

మరో సన్నటి అక్షరం మరీ ముఖ్యం: ఏటా ఇంత సీజీపీఏ నిలబెట్టుకోవాలి. బడిలో 95 శాతం తెచ్చుకున్న పిల్లకు అదెంత పని అనుకుంటారు. కానీ అక్కడ క్లాసులో కూర్చున్నవాళ్లంతా 95 వాళ్లే. పక్కవాళ్లతో పోల్చి గ్రేడు ఇచ్చే చోట, నిన్నటిదాకా టాపర్లయినవాళ్లలో సగంమంది కింది సగంలోకి పోక తప్పదు. అది పిల్ల లోపం కాదు, గణితం. మొదటి సెమిస్టర్లో కొత్త ఊరు, కొత్త తిండి, కొత్త ఇంగ్లిషు అన్నీ కలిసి పిల్ల కాస్త తడబడే సమయంలోనే స్కాలర్‌షిప్పు పోతుందేమోనన్న భయం కూడా నెత్తిన కూర్చుంటుంది. కిందటేడు మొదటి ఏడాదిలో ఈ స్కాలర్‌షిప్పు అందుకున్నవాళ్లలో ఎంతమందికి రెండో ఏడాది కూడా వచ్చిందని అడ్మిషన్ల ఆఫీసులో అడగండి. జవాబు ఎలా చెబుతారో చూస్తే చాలు.

నిజంగా పెద్ద రాయితీలు లేవని కాదు. అవి చాలా కొద్దిమందికి. వీఐటీ తన ప్రవేశ పరీక్షలో మొదటి 10 ర్యాంకుల వాళ్లకు నాలుగేళ్లూ ట్యూషన్‌లో 75 శాతం, 50వ ర్యాంకు దాకా 50 శాతం, 100 దాకా 25 శాతం తగ్గిస్తానని ప్రకటిస్తుంటుంది. వంద దాటాక ర్యాంకు మీద రాయితీ ముచ్చట లేదు. షరతు సూటిగా, ముందే తెలిసేలా ఉన్నప్పుడు మోసపోయేందుకు ఏమీ ఉండదు.

ఇప్పుడు ఇటు చూడండి. ఎన్‌ఐటీలో ట్యూషన్ ఏడాదికి లక్షా 25 వేలు. కుటుంబ ఆదాయం లక్ష లోపైతే మొత్తం మాఫీ, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండొంతులు మాఫీ. అంటే ఏడాదికి కట్టేది దాదాపు 41,700. ఐఐటీల్లో ట్యూషన్ 2 లక్షలు, మాఫీ లెక్క ఇదే. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఆదాయంతో పని లేకుండా పూర్తి మాఫీ. దీన్ని ఎవరూ స్కాలర్‌షిప్పు అని ఫ్లెక్సీ కట్టరు, ఫోన్ చేసి అభినందించరు. అందుకే చాలా ఇళ్లకు ఇది లెక్కలోకే రాదు.

ఆవక్ దాఖలా

ఇక సర్కారు పథకాలు. వీటి దగ్గర తెలివికంటే కాగితం ముఖ్యం. గుజరాత్‌లో ఆదాయ ధ్రువపత్రాన్ని ‘ఆవక్ నో దాఖలో’ అంటారు; మనవాళ్ల నోట ఆవక్ దాఖలా. దాని మీది అంకె 5 లక్షల లోపైతే ఎన్‌ఐటీ మాఫీ. నాలుగున్నర లక్షల లోపైతే, బోర్డులో 80 పర్సంటైల్ దాటితే, కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్పు ఏడాదికి 12 వేలు. 6 లక్షల లోపైతే గుజరాత్ వాళ్ల ముఖ్యమంత్రి యువ స్వావలంబన్ యోజన. పాటీదార్ల రిజర్వేషన్ ఉద్యమం ఊపు మీదున్న 2015లో అప్పటి ముఖ్యమంత్రి ఆనందీబెన్ పటేల్ ప్రకటించిన పథకం ఇది. పన్నెండులో 80 పర్సంటైల్ వచ్చి సెల్ఫ్ ఫైనాన్స్ కాలేజీలో ఇంజినీరింగ్ చేరితే ఫీజులో సగం లేదా 50 వేలు, ఏది తక్కువైతే అది ఇస్తారు. వైద్యానికి 2 లక్షల దాకా. పాటీదార్ల కోపం చల్లార్చడానికి వచ్చినా, గుజరాత్‌లో చదివిన తెలుగు పిల్లకూ అది వర్తిస్తుంది. 80 పర్సంటైల్ అంటే 80 శాతం మార్కులు కాదు, వందమందిలో ఎనభై మందికన్నా పైన ఉండటం. ఈ తేడా తెలియక దరఖాస్తే పెట్టనివాళ్లు ఉంటారు.

ఇంజినీరింగ్, వైద్యం తప్ప చదువే లేదనుకునే మన ఇళ్లల్లో వినపడని పేరు ఇన్‌స్పైర్. బోర్డులో మొదటి 1 శాతంలో నిలిచి, ఫిజిక్సు, కెమిస్ట్రీ, మ్యాథ్స్ లాంటి మూల శాస్త్రాల్లో డిగ్రీ చేరితే కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఏడాదికి 80 వేలు ఇస్తుంది. ఆ శాస్త్రాలే చెప్పే పుణె ఐసర్ సూరత్‌కు అంత దూరమేమీ కాదు.

అప్పు సంగతి కూడా మారింది. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, జాబితాలోని మేలైన సంస్థల్లో సీటు వస్తే హామీదారు, తాకట్టు లేకుండా విద్యారుణం ఇవ్వాలి. ఆదాయం 8 లక్షల లోపైతే, 10 లక్షల అప్పు దాకా చదువుతున్న కాలంలో వడ్డీలో 3 శాతం ప్రభుత్వం భరిస్తుంది. సాంచె తాకట్టు పెట్టాలా, పెద్దమ్మ బంగారం అడగాలా అన్న రాత్రి మాటలకు ముందు బ్యాంకులో ఈ పేరు చెప్పి చూడాలి. ఆ జాబితాలో తమ కాలేజీ ఉందో లేదో అడ్మిషన్ల ఏజెంటు చెప్పడు. పోర్టల్ చెబుతుంది.

మరో చిక్కు తారీఖులది. ప్రైవేటు వర్సిటీలు ఏప్రిల్, మే నెలల్లోనే సీటు ఫీజు కట్టించుకుంటాయి. జేఈఈ అడ్వాన్స్‌డ్ ఫలితం జూన్‌లో. భయంతో కట్టిన డబ్బు పోయిందనుకుని, తర్వాత ఎన్‌ఐటీ వచ్చినా ప్రైవేటులోనే ఉండిపోయిన కుటుంబాలు ఉన్నాయి. 2024-25కు యూజీసీ ఇచ్చిన ఆదేశం ప్రకారం సెప్టెంబరు 30లోగా సీటు వదులుకుంటే పూర్తి ఫీజు, అక్టోబరు 31లోగా అయితే వెయ్యి రూపాయలకు మించకుండా మినహాయించి వెనక్కివ్వాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే హక్కు ఏ కాలేజీకీ లేదు. చేరే ఏడాదికి ఈ తారీఖులు ఏమిటో యూజీసీ సైటులో చూసి, ఆ కాగితం ప్రింటు తీసి జేబులో పెట్టుకుని వెళ్లడం మంచిది.

రంగూన్ డబ్బు, బోస్టన్ చదువు

భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1922లో హార్వర్డ్ చేరడానికి బోస్టన్‌లో దిగినప్పుడు ఆయనకు ఏ యూనివర్సిటీ స్కాలర్‌షిప్పూ లేదు. మామగారు ఇచ్చిన డబ్బుకు తోడు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేసింది. ఆ నాయకర్ ఎవరు? బర్మా వలస పోయి, అక్కడ సంపాదించి, ఆస్తిని చదువులకు రాసిపెట్టిన మనిషి. అదీ చాలక సుబ్బారావు ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్ పని చేశాడు. ఆ తర్వాత ఆయన చేతి మీదుగా ఎన్ని మందులు వచ్చాయో పాఠకులకు తెలిసిందే. ఒక వలస కూలీల రేవు నుంచి వచ్చిన డబ్బు ఇంకో వలసదారుడి చదువుకు చేరిందన్న సంగతి మాత్రం ఎక్కువమందికి గుర్తుండదు.

సూరత్‌లో సౌరాష్ట్ర నుంచి వచ్చిన పటేళ్లు వజ్రాల డబ్బుతో తమ పిల్లలకు హాస్టళ్లు కట్టుకున్నారు. మన సంఘాలు మార్కండేయ జయంతికి ర్యాంకర్లను పిలిచి శాలువా, మెమెంటో ఇస్తాయి. శాలువా వద్దనను. అయితే ర్యాంకు వచ్చాక ఇచ్చే శాలువాకన్నా, పదో తరగతి సెలవుల్లో పది కుటుంబాలను కూర్చోబెట్టి సొంత రాష్ట్రం నిబంధన, ఆవక్ దాఖలా, ఓబీసీ పత్రం తారీఖు గంటసేపు వివరించే మనిషి ఒకరుంటే ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ. ఎస్‌వీఎన్‌ఐటీలో చదువుతున్న తెలుగు సీనియరే ఆ పని చేయొచ్చు.

లెక్కలన్నీ వేశాక కూడా తెగనిది ఒకటుంది. ఎన్‌ఐటీలో కెమికల్ వచ్చింది, ప్రైవేటులో కంప్యూటర్ సైన్స్ వచ్చింది. ఏది? అప్పు లేకుండా పూర్తయ్యే డిగ్రీకే నా ఓటు, పిల్లకు ఆ సబ్జెక్టు మీద అసహ్యం లేనంతవరకు. ఇరవై రెండేళ్లకు పది లక్షల అప్పు ఉన్న పిల్ల మొదట దొరికిన ఉద్యోగాన్ని పట్టుకుంటుంది. అప్పు లేని పిల్ల ఆగి చూడగలదు. ఇందులో నాతో ఏకీభవించని తండ్రులు సూరత్‌లో చాలామంది ఉంటారు. వాళ్ల వాదన కూడా కొట్టిపారేసేది కాదు: జీవితమంతా సాంచె చప్పుడులో గడిచింది, కొడుకో కూతురో ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చోవాలి. మన్ననగా చెప్పాలంటే, ఇది పిల్ల భవిష్యత్తు గురించినంతగా తండ్రి గతం గురించిన కోరిక. సూరత్ సార్వజనిక్ ఇంజినీరింగ్ కాలేజీలో టెక్స్‌టైల్ బ్రాంచి ఉంది. ఐఐటీ ఢిల్లీలోనూ ఉంది. నూలు పట్టుకోగానే అది ఏ రకమో చెప్పగల ఇంట్లో పుట్టిన పిల్ల దాన్ని మూడో వరుసలోనైనా రాస్తానంటే, ‘సాంచెల నుంచి బయటపడెయ్యడానికే కదే నిన్ను చదివించింది’ అంటారు. రాయనివ్వండి. మూడో వరుసలో రాసినంత మాత్రాన ఎవరూ ఈడ్చుకుపోరు.

అసలు ఆ వరుసలు ఎవరు నింపుతున్నారు? జోసా కౌన్సెలింగ్‌లో ఆప్షన్ల క్రమమే సర్వస్వం. పైన రాసింది దొరికితే కింద రాసినవి పోయినట్టే. చాలా ఇళ్లల్లో లాగిన్ పాస్‌వర్డు నెట్ సెంటర్ భాయ్ డైరీలోనో, హైదరాబాద్‌లోని బావ ఫోన్లోనో ఉంటుంది. ఛాయిస్‌లు లాక్ చేసే చివరి రోజు రాత్రి పదకొండింటికి బావ ఫోన్ ఎత్తడు.